నా కంప్యూటరును కరువు జాబితాలో చేర్చండి

కరువు మండలాలను తేల్చే పెద్దల సముఖానికి, అనంతపురం జిల్లా కూడేరు దాపున ఒక ఊళ్లో కాపురముంటున్న రిటైర్డు తెలుగు పంతులు చేసుకునే మనవి. మా ఇంటి పడమటి కిటికీ కింద బల్ల మీదుండే డెస్క్‌టాప్ కంప్యూటరు ఈ ఆషాఢం గాలుల్లో పడుకుంది, చాలా రోజులు లేవలేదు. దాన్ని కరువు జాబితాలో చేర్చి తగిన సాయం ఇప్పించవలెనని ప్రార్థన.

జాబితాలోకి మండలాలు వస్తాయిగానీ బల్లలూ మంచాలూ రావని తమరు అనవచ్చు. నిబంధనలు చదవకుండా అర్జీ రాసే అలవాటు నాకు లేదు. కేంద్ర వ్యవసాయ శాఖ 2016లో తెచ్చిన కరువు మాన్యువల్ ప్రకారం ముందు చూడవలసింది వానలోటు, డ్రై స్పెల్. వరసగా మూడు నాలుగు వారాలు, ఏ వారమూ మామూలు వానలో సగమైనా పడకపోతే అది డ్రై స్పెల్. నా కంప్యూటరు విషయంలో సగం లెక్క అక్కర్లేదు, పడింది సున్నా. ఆ తర్వాత విత్తిన విస్తీర్ణం, ఉపగ్రహానికి కనబడే పైరు పచ్చదనం, నేలలో తేమ, చెరువుల్లో బోర్లలో నీటిమట్టం చూడాలి. చివరగా పది శాతం ఊళ్లకు మనిషి స్వయంగా పోయి కంటితో చూసి రావాలి. నా విత్తు సకాలంలోనే పడింది, అంటే మీట నొక్కాను. మొలక రాలేదు. తెరంతా నల్లగా ఉండింది కాబట్టి పచ్చదనం కోసం ఉపగ్రహాన్ని శ్రమ పెట్టనక్కర్లేకపోయింది. నేలలో తేమ సంగతి కింద మనవి చేస్తాను, గొడవంతా అక్కడే ఉంది.

ఈ యంత్రం తమరికి పరాయిది కాదు. శెనక్కాయ ఎండిందని, బీమా పడలేదని, అడంగల్‌లో ఒకరి పొలానికి ఇంకొకరి పేరు ఎక్కిందని మా ఊళ్లో పుట్టిన అర్జీలన్నీ దీని కడుపులోంచే వచ్చాయి. అను ఫాంట్లలో, రెండు వేళ్లతో, నేనే కొట్టి ఇచ్చేవాణ్ని. కరువు అర్జీకి ఒకటే ఫైలు. రైతు పేరు, సర్వే నంబరు మారిస్తే చాలు, మిగతాదంతా ఏ ఏటికి ఆ ఏడు అట్లే సరిపోయేది. ఆ ఫైళ్లను ఫోన్లో తెరుచుకోరాదా అని అడిగే మేధావులకు ఇక్కడే జవాబు చెబుతున్నా. అను అక్షరాలు యూనికోడు అక్షరాలు కావు. ఫోన్లో తెరిస్తే మా రామాంజనేయులు అర్జీ కాస్తా ఇంగ్లీషు అక్షరాలూ చుక్కలూ కలిపి ఎవరో మంత్రం వేసినట్టు కనిపిస్తుంది. అందుకే ఈ అర్జీ చేత్తోనే మొదలుపెట్టాను, దస్తూరీకి క్షమించాలి.

ఇక ప్రమాదం జరిగిన తీరు.

మా దిక్కున ఆషాఢం వస్తే వాన రాదు, గాలి వస్తుంది. నైరుతి నుంచి వచ్చే మబ్బు కనుమల అవతల బరువు దించుకుని ఖాళీ చేతులతో మా మీదుగా పోతుంది. ఏడాది మొత్తానికి మాకు దక్కేది 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. గాలికి మాత్రం ఏ లోటూ లేదు. రామగిరి గుట్టల మీద గాలిమరలు నిలబెట్టింది ఊరికే కాదు. కణేకల్లు, బొమ్మనహాళ్ పక్క వేదవతి ఒడ్డున ఇదే గాలి ఇసుకను మేటలుగా ఎత్తి పొలాల మీద పోస్తుంది. మా ఊళ్లో ఇసుక లేదు గనుక ఎర్రమన్ను పోస్తుంది. ఆ సాయంత్రం ఆ గాలికి కరెంటు స్తంభం మీద న్యూట్రల్ తీగ తెగింది. తప్పు గాలిదే, మనుషులెవరి మీదా నాకు ఫిర్యాదు లేదు.

న్యూట్రల్ తెగితే ఏమవుతుందో పంతులుగా నాలుగు ముక్కలు చెప్పకుండా ఉండలేను. ఇంట్లోకి రావలసింది 230 వోల్టులు. అది ఒక ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య ఉండే లెక్క. రెండు ఫేజుల మధ్య కొలిస్తే 400. న్యూట్రల్ ఉన్నంతసేపు ఎవరిల్లు వాళ్లది. అది తెగిందంటే, వేరే వేరే ఫేజుల మీదున్న ఇళ్లన్నీ తమకు తెలియకుండానే ఒకే గొలుసులో పడి ఆ 400ను పంచుకోవలసి వస్తుంది. ఆ పంపకంలో న్యాయం ఉంటుందా? ఏ ఇంట్లో మోటారూ మిక్సీ ఇస్త్రీపెట్టె అన్నీ తిరుగుతున్నాయో ఆ ఇంటికి తక్కువ వోల్టేజి వస్తుంది. ఒక బల్బూ ఒక కంప్యూటరూ పెట్టుకుని బిల్లుకు భయపడి బతికే ఇంటికి ఎక్కువ వస్తుంది. ప్రకృతి సూత్రమట. పొదుపు చేసినవాడి నెత్తిన పెద్ద వాటా వేసే సూత్రాన్ని ఏ ప్రభుత్వమూ ఇంతవరకు సవరించకపోవడం విచారకరం. మా బల్బు తెల్లగా, కళ్లు చెదిరేట్టు వెలిగింది. ఫ్యానుకు పూనకం వచ్చింది. కంప్యూటరు డబ్బా వెనకనుంచి టప్‌మని ఒక చప్పుడు, కాలిన వాసన, అంతే. ఎదురింట్లో ఇస్త్రీపెట్టె పెట్టుకున్నాయన టీవీకి ఏమీ కాలేదు. బల్బు కాస్త మసకగా వెలిగిందట.

యూపీఎస్ ఏం చేస్తోందని అడుగుతారు. యూపీఎస్ పెట్టె బల్ల కిందే ఉంది. అందులో ఉండవలసిన 12 వోల్టుల బ్యాటరీని మా తమ్ముడి కొడుకు శెనక్కాయ మందు కొట్టే స్ప్రేయరుకు తగిలించుకుపోయాడు. రెండింటికీ అదే బ్యాటరీ సరిపోతుందని కనిపెట్టినవాడికి ఈ జిల్లాలో గుడి కట్టాలి. వాన రాని ఏడాది పురుగు మాత్రం తప్పకుండా వస్తుంది గనుక బ్యాటరీని వెనక్కి అడగడం కూడా నాకు ధర్మం అనిపించలేదు.

ప్రమాదం జరిగాక నిపుణులు బయల్దేరారు. మొదటివాడు బెంగుళూరులో సాఫ్ట్‌వేరు చేసే మా అబ్బాయి. ఫోన్లో, "నాన్నా, ఒకసారి రీస్టార్ట్ చేసి చూడు" అన్నాడు. స్టార్టే కాని దాన్ని రీస్టార్ట్ చేసే ఉపాయం వాడి కంపెనీలో ఉందేమో గానీ మా ఇంట్లో లేదు. "పోనీలే, అది పాతది. ల్యాప్‌టాప్ కొని పంపుతా." వాడికి తెలియనిది ఏమంటే, ఇంట్లో పాతది అన్న మాట మొదలైతే అది కంప్యూటరు దగ్గర ఆగదు.

రెండో నిపుణుడు టౌనులో ఒక దుకాణం. డబ్బా మూత తీయకుండానే, చెవి దగ్గర ఫోను పెట్టుకునే, "మదర్‌బోర్డు పోయింది సార్. ఈ మోడలుకు పార్టులు రావు" అని తీర్పు చెప్పారు. రాని పార్టులకు బదులు వచ్చే పార్టుల ధరల కాగితం కూడా ఇచ్చారు. ఇంకో దుకాణంలో ర్యామ్ అన్నారు, కొత్త ర్యామ్ పెట్టారు, డబ్బు తీసుకున్నారు, లేవలేదు. అప్పుడు "బోర్డే అయ్యుంటాది" అన్నారు. అయ్యుంటాది! పరీక్షలో ఒక పిల్లవాడు జవాబు కింద 'అయ్యుంటుంది' అని రాస్తే నేను సున్నా పెట్టేవాణ్ని. ఇక్కడ సున్నాలు పక్కకు చేరి బిల్లయ్యాయి.

ఊరి నిపుణుల సంగతి పెద్దగా చెప్పను. నైరుతి మూల బరువుండాలిగానీ కరెంటు వస్తువు ఉండకూడదని, ఆగ్నేయానికి మార్చమని ఒకాయన. ఆగ్నేయంలో మా పొయ్యి ఉంది, పొయ్యి దగ్గర మా ఆవిడ ఉంది. ఆ మార్పు అక్కడితో ఆగింది.

ఒక్క అనుమానాన్ని మాత్రం నేను గౌరవిస్తాను. బోర్డు మీద కెపాసిటర్లు ఉబ్బాయేమో చూడమన్నాడు ఒక పిల్లవాడు. అది చదువుకున్నవాడి మాట. 2000 తర్వాతి తొలి ఏళ్లలో చెడ్డ ద్రావణం పోసిన కెపాసిటర్లు లోకమంతటా కంప్యూటర్లలో ఉబ్బి పగిలాయి. వాటిని మార్చి ఇచ్చే లెక్కకు డెల్ సంస్థ 2005లో సుమారు 30 కోట్ల డాలర్లు రాసుకోవలసి వచ్చింది. నా బోర్డు మీదవి చదునుగానే ఉన్నాయి. ఈ జిల్లాలో దేనికైనా కడుపు నిండి ఉబ్బే యోగం ఉందా అని మా ఆవిడ.

ఇట్లా ఉండగా వచ్చాడు మా ఊరి బోరు మోటార్లు చుట్టే అబ్బాయి. వైండింగు షాపు వాడిది. కంప్యూటరు ముందెన్నడూ విప్పలేదు. తమరు ఈ ముక్కను గుర్తుపెట్టుకోవాలని మనవి. ఈ జిల్లాలో వందల అడుగుల లోతున, కంటికి కనబడని చోట, స్టార్టు కాని మోటారుకు ఏ ఫేజు రాలేదు, ఎక్కడ కేబులు తెగింది, స్టార్టరు తప్పా మోటారు తప్పా అని పైనుంచే తేల్చడం నేర్చుకున్నవాళ్లు వాళ్లు. మోటారు పైకి తీయాలంటే పైపులన్నీ లాగాలి, మనుషులు కావాలి, డబ్బు కావాలి. అందుకే కొలవకుండా నోరు తెరవరు. టౌనులో మూత తీయడం అర నిమిషం పని, అయినా తీయరు.

"బోర్డు పోయిందంటున్నారప్పా" అన్నాను.

"ఎవురు కొల్చినారు సార్? ముందు కొల్చుదాం. తిట్టేది యాడికి పోతాది?"

కొలవడం ఈ గడ్డకు కొత్త విద్య కాదు. 1800లో దత్తమండలాలకు ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో అనంతపురంలో మకాం పెట్టి పొలం పొలం కొలిపించాకే శిస్తు వేశాడు. ఎక్కువే వేశాడు, అది వేరే సంగతి. 1807లో పోతూ పోతూ పాతిక శాతం తగ్గించమని తానే సిఫారసు రాశాడు. కొలిచినవాడికి తన తప్పు లెక్కను దిద్దుకునే దారి ఉంటుంది. 'అయ్యుంటాది' అన్నవాడికి ఆ దారి ఉండదు.

ఆ అబ్బాయి డబ్బా విప్పి మొదట నోటితో ఊదబోయి, నా ముఖం చూసి, బ్రష్ అడిగాడు. లోపల మా చేను ఉంది. ప్రాసెసరు మీది ఫ్యాను రెక్కలకు ఎర్రమన్ను అట్టలు కట్టింది, శెనక్కాయ పొట్టు ఉంది, మూలన బల్లి గుడ్ల పెంకులు. విస్తీర్ణం సెంట్లలో రాయాలంటే కష్టం గనుక దాన్ని అర్జీలో చూపలేదు. తర్వాత కంప్యూటరుకు కరెంటు అందించే పెట్టె, ఎస్‌ఎంపీఎస్ అంటారు, దాన్నుంచి బోర్డుకు పోయే 24 కాళ్ల పెద్ద కనెక్టరు పీకాడు. అందులో ఊదారంగు వైరుకూ నల్లవైరుకూ మధ్య మీటరు పెట్టాడు. ప్లగ్గు పెట్టి స్విచ్చి వేస్తే చాలు, కంప్యూటరు లేచినా లేవకపోయినా, అక్కడ 5 వోల్టులు ఉండాలట. ముందరి మీట నొక్కినప్పుడు వినిపించుకునే చెవి అదే. అక్కడ సున్నా. అయినా తృప్తి పడక ఆకుపచ్చ వైరును నల్లవైరుతో ఒక తీగముక్కపెట్టి కలిపాడు. మీట నొక్కితే బోర్డు చేయించే పని అంతేనట, ఆ రెండూ కలపడం. ఫ్యాను కదల్లేదు. బోర్డుకు అసలు సంబంధమే లేని చోట జబ్బు తేలింది. ఎస్‌ఎంపీఎస్ మూత తీస్తే ఫ్యూజు నల్లబడి ఉంది. ఎక్కువ వోల్టేజి వస్తే తాను చచ్చి మిగతావాటిని కాపాడే ఒక బిళ్ల, వేరిస్టరు అంటారు, అది ఉండవలసిన చోట ఖాళీ రంధ్రాలు రెండు కనిపించాయి. చవక సరుకులో ఆ బిళ్ల చోటును అట్లే వదిలేస్తారట. చనిపోవలసినవాడే లేడు గనుక పక్కనున్నవాళ్లంతా చనిపోయారు.

కేబుల్ టీవీ ఆయన దగ్గర మూలపడిన కంప్యూటరులోంచి ఎస్‌ఎంపీఎస్ అరువు తెచ్చి తగిలించాం. ఫ్యాను తిరిగింది, తెర రాలేదు. నేను నిట్టూర్చాను. అతను నవ్వాడు. "తిరిగిందంటే సగం పని అయిపోయినట్టే సార్." హార్డ్ డిస్కు, సీడీ, అన్నీ పీకేసి బోర్డు, ప్రాసెసరు, ఒక్క ర్యామ్ మాత్రం ఉంచాడు. బీప్, బీప్, బీప్. కంప్యూటరు ర్యామ్ లేదని మొత్తుకుంటోందని వాడికి ఎవరు చెప్పారో నాకు తెలియదు. ఉన్న ర్యామ్‌ను తీసి, నా డ్రాయరులోంచి పిల్లల రబ్బరు ఒకటి తీసుకుని దాని బంగారు పళ్లను పలక తుడిచినట్టు తుడిచాడు. మళ్లీ పెట్టాడు. అరుపు ఆగింది, తెర వెలిగింది. కొత్త ర్యామ్‌కు నేనిచ్చిన డబ్బు ఒక రబ్బరు ముక్క ధర ముందు ఎంత చిన్నబోయిందో వేరే చెప్పనక్కర్లేదు.

ఇక్కడితో అర్జీ అయిపోయిందని తమరు ఊపిరి పీల్చుకోవద్దు. నేలలో తేమ సంగతి బాకీ ఉంది.

కంప్యూటరు లేచాక దాని ఇనుప డబ్బా మీద చెయ్యి వేశాను. సన్నగా జిల్లుమంది. ఎప్పుడూ అట్లా అనేదే, వయసు వల్ల నరాల బలహీనత అనుకునేవాణ్ని. ఆ అబ్బాయి టెస్టరు పెడితే డబ్బా మీదే వెలిగింది. విషయం ఏమిటంటే, ఎస్‌ఎంపీఎస్ లోపల కరెంటు రెండు తీగలనుంచీ డబ్బాకు రెండు చిన్న కెపాసిటర్లు ఉంటాయి, కరకర శబ్దాలు వడగట్టడానికి. ఎర్తు ఉంటే వాటిలోంచి వచ్చే కాస్త కరెంటు భూమిలోకి దిగిపోతుంది. ఎర్తు లేకపోతే ఇంటి వోల్టేజిలో దాదాపు సగం ఆ డబ్బా మీద కూర్చుంటుంది. చంపేంత బలం దానికి లేదు, కానీ చెయ్యి వేసినప్పుడల్లా పలకరిస్తుంది. ఎండాకాలపు పొడిగాలిలో ఒంటిమీద పుట్టే స్టాటిక్ కరెంటు పోవడానికీ ఆ ఎర్తే దారి. అది మన వేలికి తెలియనంత చిన్నదైనా ర్యామ్ చిప్పులను పాడుచేయగలదు.

మాకు ఎర్తు ఉంది. ఇంటి వెనక గుంత తీసి, పైపు దించి, ఉప్పూ బొగ్గూ వరసలు వేసి పూడ్చారు, ఇల్లు కట్టినప్పుడు. అబ్బాయి మీటరు పెట్టి చూసి, గుంత దగ్గరికి పోయి, మట్టిని వేళ్లతో నలిపాడు. పొడిపొడిగా రాలింది. తడి లేని మట్టి కరెంటును తీసుకోదు. నేలలో తేమ తగ్గేకొద్దీ దాని నిరోధం ఒక్కసారిగా పెరిగిపోతుంది. ఎర్తు గుంత సచ్చిపోయింది సార్, రోజూ కాకపోయినా తరచుగా ఒక బిందె నీళ్లు పోయండి అన్నాడు.

బిందె నీళ్లు. మా ఆవిడ ఆ మాట వంటింట్లోంచి విన్నది.

"ఆ పైపుకా? కొళాయి ఎప్పుడు వస్తాదో నీకు తెలుసా అబ్బీ?" అని వాడినే అడిగింది, నన్ను అడగలేదు. "ఇంటికొచ్చినవాళ్లకి చెంబుడు నీళ్లు ఇయ్యాలంటే ఆలోచిస్తా ఉంటే, ఇనుప గొట్టానికి బిందె పోస్తారంటనా!"

దీనికి నా దగ్గర సమాధానం లేదు, మాన్యువల్‌లోనూ లేదు. మా కూడేరు మండలంలోనే కొర్రకోడు దగ్గర పెన్నహోబిలం జలాశయం ఉంది, ఇక్కడి నీళ్లు ఎక్కడెక్కడికో పోతున్నాయి. నంబులపూలకుంటలో ఎండను పట్టి వందల మెగావాట్ల కరెంటు చేసి దేశానికి పంపుతున్నాం. 2022లో జిల్లా రెండయ్యాక అది పక్క జిల్లాలోకి పోయింది, ఎండ మాత్రం ఇక్కడే మిగిలింది. ఇన్ని ఘనతలున్న చోట ఒక కంప్యూటరు డబ్బా మీది కరెంటు భూమిలోకి దిగాలంటే ఒక బిందె తడి కావాలి, ఆ తడి మా ఇంట్లో చర్చకు వచ్చింది. చర్చ బియ్యం కడిగిన నీళ్ల దగ్గర తేలింది. ఆ నీళ్లు ముందు గేదెకు పోయేవి. ఇప్పుడు గేదెకు సగం, ఎర్తుకు సగం. గేదె తరఫున వేరే అర్జీ రావచ్చు, అది కూడా నేనే రాయవలసి ఉంటుంది.

కాబట్టి తమరిని కోరేది ఇది. కరువు ఊళ్లకు తాగునీటి ట్యాంకర్లు తిప్పేటప్పుడు మనుషుల లెక్క, పశువుల లెక్క రాసుకుంటారు గదా, పక్కన ఎర్తు గుంతల లెక్క కూడా ఒక కాలమ్ పెట్టించండి. కేంద్ర బృందం వస్తే మా ఇంటికీ పంపండి. కార్లు దిగకపోయినా ఫర్వాలేదు, కిటికీ వీధివైపే ఉంది. అయితే బల్ల తుడవకముందే రావాలి. తుడిచాక వస్తే ఇక్కడ దుమ్మే లేదని రాసుకుని పోతారని నా భయం.

ఇక చివరి ఇబ్బంది ఒకటుంది, దాన్ని తేల్చకపోతే అర్జీ వెనక్కి వస్తుంది. కంప్యూటరు లేచింది గానీ లేచాక దానికి తేదీ తెలియలేదు. బోర్డు మీద రూపాయి బిళ్లంత 3 వోల్టుల బ్యాటరీ ఒకటి ఉంటుంది, కంప్యూటరు నిద్రపోతున్నా తేదీ లెక్కపెట్టడం దాని పని. అది ఎప్పుడో చచ్చింది. అందుకే తెర మీద 2009 జనవరి 1 అని వచ్చింది. ఏ వెబ్‌సైటూ తెరుచుకోవడం లేదు. వాటి భద్రతా పత్రాలన్నీ ఇంకా పుట్టనివిగా దానికి కనిపిస్తున్నాయట. అబ్బాయి చేత కొత్త బ్యాటరీ వేయిద్దామంటే మా ఆవిడ ఒక సంగతి గుర్తుచేసి ఆపింది. 2009లో దేశమంతా నైరుతి వానలు 22 శాతం దాకా తక్కువ పడ్డాయి, ఆ ఏడాదీ కరువే. నా యంత్రం తనంతట తానే వెనక్కి పోయి సరిగ్గా ఆ ఏడాది వాకిట్లో నిలబడింది. దాని సాయం 2009 ఖాతాలో రాస్తారా, ఈ ఏడాది ఖాతాలో రాస్తారా? తమరు తేల్చేదాకా పాత బ్యాటరీని అట్లే ఉంచుతున్నాను. 2009 కిందికి వచ్చేట్టయితే పదహారేళ్లు పైబడ్డ వడ్డీ కూడా కలిపి లెక్క కట్టించవలెనని ప్రార్థన.

చిత్తగించవలెను.

జతపరచినవి: కాలిన ఫ్యూజు, వేరిస్టరు లేని రంధ్రాల ఫోటో, వాడని ర్యామ్ బిల్లు, పిల్లల రబ్బరు (పని అయ్యాక తిరిగి ఇవ్వవలెను).